బురుజు: మాట ఎక్కడిది, కట్టింది దేనికి

సభకు నమస్కారం. బురుజు అనగానే పైకెక్కి దూరం చూడటానికి కట్టిన ఎత్తైన కట్టడం అనుకుంటాం. తెలంగాణ పల్లెల్లో ఒంటరిగా నిలిచిన ఊరి బురుజుల విషయంలో అది చాలావరకు నిజం. కోటగోడలో ఉన్న బురుజుకు మాత్రం అసలు పని పక్కకు చూడటం.

అరబ్బీలో బుర్జ్ అంటే గోపురం. ఆకాశంలోని రాశికీ అదే మాట. బుర్జ్ ఖలీఫాలో ఉన్నదీ అదే. గ్రీకు పిర్గోస్ సిరియాక్ మీదుగా అరబ్బీలో చేరిందని కొందరు, లాటిన్ బుర్గుస్ మూలమని మరికొందరు పండితులు అంటారు. మనకు పారసీ, దక్కనీల దారిన వచ్చి చివర ఉకారం తగిలించుకుంది. దీనికి మనకున్న మరో మాట కొత్తళం. ఓరుగల్లు రాతికోట చుట్టూ ఉన్న 45 చదరపు కట్టడాలకు నన్నడిగితే ఆ పేరే తగినది.

ఇక పని సంగతి. గోడ తిన్నగా ఉంటే, దాని మొదట్లోకి చేరిన శత్రువును కొట్టడానికి పైవాడు బయటికి వంగాలి. వంగితే వాడే గురి అవుతాడు. బురుజు గోడకంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి దాని పక్కల నుంచి వదిలిన బాణం గోడ వెంబడే పోతుంది. అందుకే రెండు బురుజుల మధ్య దూరం ఆయుధం అందే దూరాన్ని మించకూడదు. మించితే నడిమి గోడకు కాపు ఉండదు.

గుండ్రటి బురుజుకు ఒక లోపం ఉంది. సరిగ్గా దాని ముక్కు ముందు, ఇరుగుపొరుగు బురుజుల దెబ్బ తగలని చిన్న జాగా మిగులుతుంది. 15, 16 శతాబ్దాల ఇటలీ ఇంజినీర్లు బురుజును బాణపు మొనలా కోసుగా మలిచి ఆ జాగాను చెరిపేశారు. అదే బాస్టియన్. గోల్కొండలోని 87 బురుజుల్లో ఎక్కువ భాగం గుండ్రంగానే ఉండిపోయాయి.

ఫిరంగులొచ్చాక ఎత్తు బలహీనత అయింది. బురుజులు పొట్టిగా, లావుగా, లోపల మట్టీ రాళ్ళూ కూరినవిగా మారాయి. ఫతే రహబర్ లాంటి తోపును మోసి, అది పేలినప్పటి అదురు తట్టుకోవాలంటే గోల్కొండలోని పేట్ల బురుజంత బొజ్జ ఉండాల్సిందే. 1687 గోల్కొండ ముట్టడిలో ఔరంగజేబు మనుషులు గోడకింద సొరంగాలు తవ్వి తుపాకిమందు దట్టించారు. లోపలివాళ్ళు ఎదురు తవ్వి కొంత మందు లాగేసి, మిగిలినదాన్ని తడిపేశారు. పేలుడు వెనక్కి తిరిగి రాళ్ళన్నీ మొగలుల మీదే పడ్డాయి. చివరికి కోటను పడగొట్టింది లోపలివాడు తెరిచిన తలుపే.

ఇప్పుడు బురుజులను కూల్చేది వాన. పైనుంచి దిగిన నీరు లోపలి మట్టిని నానబెడుతుంది, నానిన మట్టి బరువెక్కి ముఖపు రాళ్ళను బయటికి నెడుతుంది. రావి, మర్రి వేళ్ళు సందులను వెడల్పు చేస్తాయి. రాళ్ళ సందులను సిమెంటుతో పూడిస్తే నీరు బయటికి రాలేక ఉబ్బు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముందు పైభాగానికి వాలు సరిచేయాలి, నీరు పోయే తూములు తెరవాలి, వేళ్ళను పీకకుండా కోసి చంపాలి. సున్నపు గార పని ఆ తర్వాతే.