చెనిక్కాయల నీళ్లు, ఛాందోగ్యం ఉప్పు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు ఉప్పు గురించి మాట్లాడుకుందాం. కవిత్వం, ఉపనిషత్తు, దేవుడు అని మాట్లాడుకునే చోట మధ్యలో ఉప్పేంది అనుకోవద్దు, అక్కడికే వస్తున్నా.

మాది కదిరి పక్క పల్లె. చెనిక్కాయ, అదే వేరుశెనగ, పీకే రోజుల్లో మా జేజి సాయంత్రం పూట పచ్చికాయలు ఉడకబెట్టేది. మట్టి పోయేదాకా నాలుగు నీళ్లలో కడిగి, డేక్సాలో పోసి, కాయలు మునిగేదాకా నీళ్లు పోసి, రెండు గుప్పిళ్లు రాళ్లుప్పు వేసేది. కాసేపయ్యాక గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించి "సరిపోయిందిలే" అనేది, లేకపోతే ఇంకాస్త వేసేది. ఉడికిన కాయని ఒలిస్తే తొక్కకి ఎక్కడా చిల్లు ఉండేది కాదు కానీ లోపల గింజ దాకా ఉప్పు ఎక్కి ఉండేది. అది ఎట్లా పోయింది లోపలికి అని చిన్నప్పుడు నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది.

చాలా ఏళ్ల తర్వాత ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం చదువుతుంటే ఒక్కసారిగా ఆ డేక్సా కళ్ల ముందుకొచ్చింది. శ్వేతకేతు అనే పిల్లోడు పన్నెండేళ్లు చదువుకుని, 24 ఏళ్ల వయసులో, నాకంతా తెలుసు అనుకుంటూ ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు మాటలతోనే ఊరుకోడు, ఈ ఉప్పు నీళ్లలో వేసి పొద్దున రా అంటాడు. పొద్దున రాగానే, రాత్రి వేసిన ఉప్పు తీసివ్వు అంటాడు. కొడుకు వెతుకుతాడు, దొరకదు. సరే ఈ పక్క నుంచి కొంచెం తాగు, ఎట్లా ఉంది? ఉప్పగా ఉంది. మధ్యలోంచి? ఉప్పగానే ఉంది. ఆ చివర? అక్కడా ఉప్పే. ఇట్లాగే సత్యం ఇక్కడే ఉంది, నీకు కనపడటం లేదంతే, అది నువ్వే అంటాడు తండ్రి.

శాస్త్రాల్లో ఉండే ఇలాంటి పోలికల్ని కొందరు పై అలంకారం అంటారు, అసలు అర్థం తీసుకుని పోలిక వదిలేయొచ్చు అంటారు. నేను అస్సలు ఒప్పుకోను. దేవుడు సర్వవ్యాపి అనే మాట గుడి మైకులో రోజూ వింటాం, చెవి పక్క నుంచి పోతుంది. ఉద్దాలకుడు ఆ మాటే చెప్పి ఊరుకుని ఉంటే ఆ కొడుక్కి అది పన్నెండేళ్ల చదువులో ఇంకో వాక్యం అయ్యేది, అంతే. ఒక రాత్రంతా ఆగి, పొద్దున వెతికి, దొరక్క, నాలుక మీద వేసుకుని చూసినప్పుడు కదా అది వాడిదయ్యింది! ఇక్కడ పోలికే పాఠం, దాన్ని తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

మా కదిరికి దగ్గర్లోనే కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఉప్పు కప్పురంబు అనగానే మిగతా పద్యం మీరే చెప్పేస్తారు, ఎందుకంటే మనందరం దాన్ని పలక మీద రాసినవాళ్లమే. ఇక్కడ ఉప్పు పని వేరు చూడండి. ఛాందోగ్యంలో ఉప్పు కరిగి కనపడకుండా పోయింది, వేమన దగ్గర అది కళ్ల ముందే ఉంది, కాకపోతే కర్పూరం లాగా తెల్లగా ఉంది, కన్ను మోసపోతుంది. రెండు చోట్లా తేల్చి చెప్పేది నాలుకే. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర తాటాకు ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన కడపలో ఉన్న బంగళా చోటే ఇప్పుడు లైబ్రరీ, ఎప్పుడైనా ఆ పక్క పోతే లోపలికెళ్లి కాసేపు కూర్చోండి.

బైబిల్లో మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఏసు "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" అంటాడు, వెంటనే ఆ ఉప్పు సారం పోతే ఏం చేస్తారు అని అడుగుతాడు. చప్పబడిపోతామేమో అనే భయం అది, నన్ను బాగా తాకే మాట. ఖురాన్‌లో ఫుర్కాన్ అనే అధ్యాయంలో రెండు జలాల మాట వస్తుంది, ఒకటి దాహం తీర్చే తీపి, ఇంకోటి ఉప్పన, చేదు, వాటి మధ్యన దేవుడు పెట్టిన అడ్డు. మన సీమ వాళ్లకు ఇది వేరే చెప్పాలా, ఒకే చేలో రెండు బోర్లు వేస్తే ఒకదాంట్లో తీపి నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు నీళ్లు పడిన ఇళ్లు ఎన్ని లేవు! అనంతపురం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు, ఆ పని మన సీమలో ఉన్నాయనే చేశారని తలుచుకుంటే నాకు ఎంత సంతోషమో.

అన్నింట్లో ఉప్పు ఉంది కాబట్టి అన్నీ ఒకటే చెప్తున్నాయి అని మాత్రం నేననను. ఒకచోట కలిసిపోవడం, ఒకచోట వేరు తెలియడం, ఒకచోట సారం పోతుందనే భయం, ఒకచోట అడ్డు. తొందరపడి అన్నీ ఒకటే అనేస్తే ఏ ఒక్కదాని రుచీ మనకు దక్కదు.

ఈ ఉపనిషత్తు కథ మా జేజికి ఒకసారి చెప్పాను. ఆమెకు చదువు రాదు. అంతా విని "ఆ నీళ్లు ఏం చేసినారు నాయనా?" అని అడిగింది. పుస్తకం తీసి మళ్లీ చూస్తే నిజంగానే ఉంది, పారబోసి నా దగ్గరికి రా అంటాడు తండ్రి, కొడుకు అట్లాగే చేస్తాడు, అయినా అది ఎప్పటికీ ఉంటుంది అని రాసుంది. జేజికి చదివి వినిపించా.

"ఉండక యాడికి పోతాది" అని పెరట్లో ఆ మూల చూపించింది. ఏటా చెనిక్కాయలు ఉడకబెట్టిన నీళ్లు ఆమె పారబోసే చోటు అది. గడ్డి మొలవని ఆ జానెడు నేల మీద, ఎండకి ఆరిపోయి, తెల్లగా పొర కట్టి ఉంది.