పుదుచ్చేరి విమానాలు మాటిమాటికీ ఎందుకు ఆగిపోతాయి?

[విజువల్: బీచ్ రోడ్డు, గాంధీ విగ్రహం, వైట్ టౌన్ పసుపు గోడలు]

పుదుచ్చేరికి వచ్చే జనానికి కొదవ లేదు. శనివారం వచ్చిందంటే చెన్నై, బెంగళూరు కార్లు బారులు తీరతాయి. అరవింద ఆశ్రమానికి, ఆరోవిల్‌కి ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. జిప్‌మర్ వైద్య కళాశాలలో, సెంట్రల్ యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు చదువుకుంటున్నారు. యానాం వాళ్లకైతే అది రాజధాని. ఎయిర్‌పోర్టు కూడా ఊళ్లోనే, లాస్‌పేటలో ఉంది. అయినా విమానాలు నిలకడగా నడవవు.

[విజువల్: కొత్త టెర్మినల్, ఖాళీ చెకిన్ కౌంటర్లు]

2013లో కొత్త టెర్మినల్ తెరిచారు. స్పైస్‌జెట్ బెంగళూరు నుంచి విమానం వేసింది, మరుసటి ఏడాదే ఆపేసింది. 2015లో అలయన్స్ ఎయిర్ వచ్చింది, అదీ నెలల్లోనే వెళ్లిపోయింది. 2017 ఆగస్టులో, చిన్న ఊళ్లకి విమానాలు నడిపేందుకు కేంద్రం సాయం చేసే ఉడాన్ పథకం కింద హైదరాబాద్ విమానం మొదలైంది. కోవిడ్‌తో ఆగి, 2021లో మళ్లీ ఎగిరి, 2024 మార్చిలో మళ్లీ ఆగింది. ఆ ఏడాది డిసెంబర్ 20న ఇండిగో హైదరాబాద్‌కి, బెంగళూరుకి సర్వీసులు మొదలుపెట్టింది.

[విజువల్: రన్‌వే పైనుంచి డ్రోన్ షాట్, పొడవు చూపే గీత]

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ రన్‌వే పొడవు దాదాపు 1,500 మీటర్లు. మనం రోజూ చూసే ఎయిర్‌బస్ ఏ320 నిండుగా ఎగరాలంటే సుమారు రెండు కిలోమీటర్లు కావాలి. కాబట్టి ఇక్కడికి ప్రొపెల్లర్ విమానాలే దిక్కు. వాటిలో ఒకటైన ఏటీఆర్ 72 నిండు బరువుతో లేవడానికి సుమారు 1,300 మీటర్లు చాలు. కానీ ఆ లెక్క సముద్రమట్టంలో, 15 డిగ్రీల ఉష్ణోగ్రతకి వేసింది. పుదుచ్చేరిలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఊహించుకోండి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కలకి పట్టు తగ్గుతుంది, ఇంజన్ సత్తువా తగ్గుతుంది. అదే విమానం ఇంకొంత దూరం పరుగెత్తితే గానీ లేవదు. రన్‌వే సాగదు కదా, అందుకని బరువు తగ్గించుకోవాల్సి వస్తుంది. అంటే కొన్ని సీట్లు ఖాళీగా వదిలేయడం, లేదా సామాను తగ్గించడం. ఉన్నవే 78 సీట్లు, అందులో నాలుగు పోయినా ఆ ట్రిప్పు లెక్క తప్పుతుంది.

78 అనే అంకె కూడా ఊరికే రాలేదు. 80 కంటే తక్కువ సీట్లున్న దేశీయ సర్వీసులకి ల్యాండింగ్ చార్జీలు, అంటే దిగినందుకు ఎయిర్‌పోర్టుకి కట్టే డబ్బు, ఉండవు. చిన్న ఊళ్లకి ఏటీఆర్‌లు కాస్తో కూస్తో గిట్టుబాటు కావడానికి ఇదొక కారణం.

[విజువల్: కడప ఎయిర్‌పోర్టు]

మరి ఉడాన్ ఉంది కదా అంటారా? 2017 ఏప్రిల్ 27న తొలి ఉడాన్ విమానాలు ఎగిరినప్పుడు సిమ్లాతో పాటు మన కడప కూడా ఉంది. ఈ పథకంలో విమాన కంపెనీ కొన్ని సీట్లు తక్కువ ధరకి అమ్మాలి, ఆ లోటుని ప్రభుత్వం పూడుస్తుంది. పెద్ద రూట్లలో తిరిగే విమానాల దగ్గర వసూలు చేసే లెవీ నుంచే ఆ డబ్బు వస్తుంది. అయితే ఒక్కో రూటుకి ఆ సాయం మూడేళ్లే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 774 రూట్లు కేటాయిస్తే 371 మాత్రమే మొదలయ్యాయి. వాటిలో మూడేళ్లూ పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా నిలబడినవి 54. ఆ అంకెలు చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. విమానం ఉందని నమ్మి హోటల్ పెట్టినవాడు, టాక్సీ కొన్నవాడు ఎవరిని అడగాలి?

[విజువల్: పుదుచ్చేరి మ్యాప్, మధ్యలో తమిళనాడు గ్రామాలు]

రన్‌వే పొడిగిస్తే పోలా? పొడిగించాలంటే స్థలం తమిళనాడు వైపు తీసుకోవాలి. పుదుచ్చేరి ఒకే ముక్కగా ఉండదు, మధ్యమధ్యలో విళుప్పురం జిల్లా ఊళ్లు వస్తాయి. అందుకే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, డబ్బు ఎవరిదో తేలాలి, భూమి పోయే కుటుంబాలకి సరైన పరిహారం అందాలి. ఏళ్ల తరబడి నలుగుతున్నది ఇదే. నన్నడిగితే కొత్త రూట్లు ప్రకటించడం కంటే ముందు తేల్చాల్సింది ఈ స్థలం సంగతే.

[విజువల్: ఈస్ట్ కోస్ట్ రోడ్డు, పక్కన సముద్రం]

హైదరాబాద్ నుంచి వెళ్లాలనుకుంటే, గదులు బుక్ చేసేముందు డైరెక్ట్ విమానం ఆ తేదీకి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే చెన్నైలో దిగి ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టండి. దాదాపు 150 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. దారిలో మహాబలిపురం కూడా తగులుతుంది.