"అన్నా, ఎంత దూరం లాగుతుంది?"

అందరికీ నమస్కారం. పెళ్లిళ్ల సీజన్ కాదు కాబట్టి ఇంతమంది ఫోటోగ్రాఫర్లు ఒకేచోట దొరికారు. మొన్నమొన్నే కెమెరా కొన్నవాళ్లు కూడా వెనక వరసలో కనిపిస్తున్నారు, సంతోషం.

జూమ్ లెన్స్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే మాట ఒకటే. "అన్నా, ఇది ఎంత దూరం లాగుతుంది?" నేనూ అలా అడిగే కొన్నాను. కెమెరాతో 18-55 కిట్ లెన్స్ వచ్చింది, దానికి తోడు 55-250 తెచ్చుకున్నాను. ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. 18 నుంచి 250 దాకా మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు, ఇక మనకు తిరుగులేదనుకున్నాను.

మా మేనమామ కూతురి పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. మండపం చుట్టూ చుట్టాలు మూగేశారు. నేను వెనక కుర్చీ ఎక్కి 250కి లాగాను. జీలకర్ర బెల్లం పెడుతున్న చేతులు ఫ్రేమ్ నిండా వచ్చాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే ఒక్కటి పనికొస్తే ఒట్టు. చేతులన్నీ అలికేసినట్టున్నాయి.

లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు. ఆ లెన్స్ 250 దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 2.8తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. షటర్ స్పీడ్ సెకనులో 1/40 వంతుకి పడిపోయింది, అంత నిదానానికి కదిలేవి అలికినట్టే వస్తాయి. స్టెబిలైజర్ ఉంది కదా అంటారు. కానన్ వాళ్లు ఐఎస్ అన్నా, నికాన్ వాళ్లు వీఆర్ అన్నా, టామ్రాన్ వాళ్లు వీసీ అన్నా అది ఆపేది మన చేతి వణుకునే. పెళ్లికూతురి చెయ్యి కదిలితే అదేం చేస్తుంది?

అంతటితో అయిపోలేదు. దగ్గరికెళ్లి తీద్దామని లెన్స్ మారుస్తుంటే తలంబ్రాలు మొదలయ్యాయి. బాడీ నోరు తెరుచుకుని ఉన్న ఆ నాలుగు సెకన్లలోనే పసుపు బియ్యపు గింజ ఒకటి లోపలి అద్దం పక్కన పడింది. బోర్లించి దులిపితే గింజ పోయింది. పసుపు మాత్రం సర్వీసుకిస్తే గానీ పోలేదు.

అందుకే లెన్స్ పెట్టె మీద పెద్ద అంకె కంటే ముందు ఎఫ్ పక్కనున్న అంకె చూడండి. 3.5-5.6 అని రెండు అంకెలుంటే, లాగేకొద్దీ వెలుతురు తగ్గుతుందని అర్థం. 2.8 అని ఒకే అంకె ఉంటే ఎంత లాగినా అంతే. దానికి ఖర్చూ ఉంది, బరువూ ఉంది. 200ను 2.8తో భాగించండి, 71 వస్తుంది. అంటే ముందు గాజు కనీసం 71 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. 70-200 ఎఫ్ 2.8 కిలోన్నర దాకా తూగేది అందుకే. రాత్రంతా మెడలో వేసుకు తిరిగితే పొద్దున్నకి మెడ తిరగదు.

మరి ఏది కొనాలి? కొత్తది చూసే ముందు మీ పాత ఫోటోలు తెరవండి. ప్రతి ఫోటో వివరాల్లో అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో ఉంటుంది. ఒక రెండొందలు చూస్తే మీ సంగతి మీకే తెలుస్తుంది. నావి చూసుకుంటే ఎక్కువ భాగం 20కీ 50కీ మధ్యే. 55-250 తీసి పక్కన పెట్టి, సెకండ్ హ్యాండ్‌లో 17-50 ఎఫ్ 2.8 తీసుకున్నాను. పెద్ద స్టూడియోల వాళ్లు వాడుతున్నారని చిన్న సెన్సర్ బాడీకి 24-70 బిగించేవాళ్లున్నారు. చిన్న సెన్సర్ బొమ్మలో మధ్య భాగాన్నే పట్టుకుంటుంది కాబట్టి నికాన్‌లో అది 36-105 అంత ఇరుకుగా చూస్తుంది. ఇంట్లో గ్రూప్ ఫోటో తీయాలంటే వీపు గోడకు ఆనాల్సిందే.

పక్షుల వాళ్ల లెక్క వేరు. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతుల్ని తీయాలంటే అక్కడ దూరమే ముఖ్యం. కానన్ చిన్న సెన్సర్ మీద 300 పెడితే 480 పెట్టినట్టు కనిపిస్తుంది, కాబట్టి 70-300తో మొదలుపెట్టొచ్చు. పగటి వెలుతురు ఉంటుంది కనుక 5.6 అయినా ఫర్వాలేదు. ఎండ ఎక్కాక గాలి అలలు అలలుగా ఊగుతుంటే మాత్రం ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఏమీ చేయలేదు.

18-200 లాంటి అన్నీ ఒక్కదాంట్లోనే ఉన్నవి తీర్థయాత్రలకు హాయి. డబ్బులు తీసుకుని చేసే పనికి నేను తీసుకెళ్లను.

ఇప్పుడు చాలామంది లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌ కెమెరాలకి మారుతున్నారు, అద్దమున్న పాత రకం ఎస్ఎల్ఆర్ కెమెరాల లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. కొనేముందు రెండు వైపులా మూతలు తీసి, సెల్‌ఫోన్ టార్చ్ వెనక నుంచి కొట్టి చూడండి. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. సముద్రం పక్క ఊళ్లలో వాడినవైతే మరీ జాగ్రత్త. లెన్స్‌ని కిందికి వేలాడదీస్తే దానంతటదే జారి సాగుతుంటే బాగా వాడేసిందని అర్థం. నికాన్ 3000, 5000 వరస బాడీలకు లోపల ఫోకస్ మోటార్ ఉండదు, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్స్ బిగిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. చిన్న సెన్సర్ కోసం చేసిన కానన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఎస్ఎల్ఆర్ బాడీకి అసలు ఎక్కవు.

ఈ బల్ల మీద మూడు లెన్సులు పెట్టాను. మీ బాడీలకు బిగించి చూసుకోండి. ఫ్యాన్ ఆపించాను. మార్చేటప్పుడు మాత్రం కెమెరా మూతి కిందికి పెట్టండి.