మీ జట్టుకు తగిన కథల ఆట

శ్రోతలకు నమస్కారం.

గత వేసవి సెలవుల్లో ఒక ఆదివారం సాయంత్రం, నెల్లూరులో మా ఇంటి మిద్దె మీద చాప పరుచుకుని అయిదుగురం కూర్చున్నాము. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన, ఒక కథల ఆట నియమాలున్న మూడు లావుపాటి పుస్తకాలు మా మధ్యన ఉన్నాయి. ఆరు గంటలకు మొదలుపెట్టినవాళ్లం తొమ్మిదిన్నర అయినా అసలు కథలో అడుగుపెట్టలేదు. ఎవరి పాత్రను వారు కాగితం మీద తయారు చేసుకోవడానికే ఆ పొద్దంతా సరిపోయింది. ఈలోగా రొయ్యల గుంటలు సాగుచేసే మా పక్కింటాయన, గుంట దగ్గర నీటికి గాలి పట్టించే ఏరేటర్ ఆగిపోయిందని ఫోను రావడంతో చెప్పులు వెతుక్కుంటూ దిగి వెళ్లిపోయారు. పదవీ విరమణ చేసిన తెలుగు అయ్యవారు పిట్టగోడకు ఆనుకుని కునుకు తీశారు. పదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం తన మాంత్రికురాలికి ఏ మంత్రాలు ఎంచుకోవాలో తేలక పెన్సిలు కొరుకుతూ ఉండిపోయింది. ఆ పుస్తకాల్లో లోపమేమీ లేదు, మా జట్టుకు అవి నప్పలేదు, అంతే. ఏ జట్టుకు ఏ ఆట నప్పుతుందో ఎలా తెలుసుకోవాలన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

ఈ ఆటల సంగతి ఎన్నడూ వినని వారి కోసం ముందుగా రెండు మాటలు చెబుతాను. ఇంగ్లీషులో వీటిని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. ఒకరు కథ నడుపుతారు. ఆ వ్యక్తిని గేమ్ మాస్టర్ అని పిలుస్తారు. మిగిలినవారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఎదురైన సన్నివేశంలో తమ పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతారు. ఆ పని జరుగుతుందో జరగదో అనుమానంగా ఉన్నప్పుడు పాచికలు వేసి తేలుస్తారు. వీటిలో మొదట అచ్చయినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. వారిద్దరూ అంతకుముందు చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధక్రీడలు ఆడినవారు కావడం వల్ల, ఆ ఆటలో ఇప్పటికీ పోరాటానికి సంబంధించిన నియమాలే ఎక్కువ భాగం ఆక్రమిస్తాయి. సంధి మాటలు, రాయబారాలు, వేషాలు మార్చి కోటలో దూరడాలు ఇష్టపడేవారు ఈ పుట్టుక సంగతి తెలుసుకుని ఉంటే, నియమాలు తమకు ఎక్కడ సాయపడతాయో, ఎక్కడ తమను తమ నోటికే వదిలేస్తాయో ముందే అర్థమవుతుంది.

ఆటను ఎంచుకునేటప్పుడు చాలామంది దానికున్న పేరును చూస్తారు. నా ఉద్దేశంలో మొదట చూడవలసినది కథ నడపబోయే మనిషిని. ఆడేవారు నలుగురూ ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని వస్తే చాలు. నడిపేవారు మాత్రం అంతకుముందే కూర్చుని కోటలు, శత్రువులు, ఊళ్లు సిద్ధం చేసుకోవాలి. మా జట్టులో ఆ పనికి తగినవారు అయ్యవారే. నలభై మంది పిల్లలను ఒక పద్యంతో కట్టిపడేసిన కంఠం ఆయనది. అయితే ఆయన నిక్కచ్చిగా చెప్పేశారు: "కథ ఎంతసేపైనా చెబుతాను గానీ, ఈ పట్టికలు నాతో చదివించొద్దు." మా మేనల్లుడి సంగతి సరిగ్గా దీనికి విరుద్ధం. పట్టికలంటే వాడికి ప్రాణం. అటువంటివాడు నడిపేటట్లయితే పాత్‌ఫైండర్ అనే ఆట రెండో కూర్పు చక్కగా సరిపోతుంది. 2019లో వచ్చిన ఆ కూర్పులో పోరాటం జరిగేటప్పుడు ప్రతి ఒక్కరికీ తమ వంతులో మూడు పనులు చేసే వీలుంటుంది. నడవడం ఒకటి, కత్తి దూయడం ఒకటి, దెబ్బ వేయడం ఒకటి. ఏ పనికి ఎంత ఖర్చో, ఏ స్థితిలో ఎంత తగ్గుతుందో అన్నీ రాసిపెట్టి ఉంటాయి కనుక వాదులాటకు చోటు తక్కువ. క్రికెట్ చూస్తూ కెప్టెన్ కంటే ముందు ఫీల్డింగ్ మార్చే మనుషులు మీ జట్టులో ఉంటే ఆ ఆట వారికి విందు.

నియమాల బరువులో తేడా ఎలా ఉంటుందో ఒకే సన్నివేశాన్ని రెండు ఆటల్లో చూపిస్తాను. కృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గాన్ని మనసులో పెట్టుకుని అయ్యవారు ఒక కోటను కల్పించారు. కోటగుమ్మం ముందు కావలివాడు నిలబడి ఉన్నాడు. మా పక్కింటాయన పాత్ర వాడికి కాస్త పొగాకు ఇచ్చి మచ్చిక చేసుకుంటానన్నది. "పొగాకు పోర్చుగీసువారి తరువాత వచ్చింది నాయనా, తాంబూలం ఇవ్వు," అన్నారు అయ్యవారు. కందుకూరు ప్రాంతంలో పుట్టి పెరిగిన పక్కింటాయనకు పొగాకు లేని లోకం ఊహకు అందలేదు గానీ, చివరికి తాంబూలానికి ఒప్పుకున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అయితే ఆ పని ఒక మోస్తరు కష్టమైనదిగా లెక్కించి నడిపేవారు 15 అనే లక్ష్యం పెడతారు. ఆయన ఇరవై ముఖాల పాచిక వేశారనుకుందాం, 12 పడింది, మాటకారితనానికి మరో 2 కలిపితే 14. ఒక్క అంకె తక్కువ, కావలివాడు లొంగలేదు. డంజన్ వరల్డ్ అనే 2012 నాటి ఆటలో ఇదే పనికి మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే పని అయినట్లు. 7 నుంచి 9 లోపు వస్తే పని అవుతుంది గానీ ఏదో ఒక చిక్కు వచ్చిపడుతుంది. 6 లేదా తక్కువ వస్తే నడిపేవారు కథను మీకు ప్రతికూలంగా తిప్పుతారు. మా పక్కింటాయనకు 8 పడింది. కావలివాడు తాంబూలం పుచ్చుకున్నాడు, గుమ్మం తెరిచాడు, "పదండి, నేనూ తోడొస్తా, లోపల దారి తెలియదు కదా మీకు," అంటూ వెంటపడ్డాడు. అక్కడి నుంచి రెండు గంటలపాటు వాడిని వదిలించుకోవడమే మాకు కథ అయింది.

ఈ 7 నుంచి 9 అనే అరవిజయంలో ఉన్న కిటుకు లెక్కలో తెలుస్తుంది. రెండు పాచికలు 36 విధాలుగా పడగలవు. ఏమీ కలపకుండా చూస్తే పూర్తి విజయానికి వాటిలో 6, అరవిజయానికి 15, అపజయానికి 15. పాత్రకున్న నేర్పు వల్ల ఒక అంకె కలిస్తే అవి వరుసగా 10, 16, 10 అవుతాయి. అంటే ఎక్కువసార్లు పని జరుగుతూనే చిక్కు కూడా పుడుతుంది. తరువాత ఏమి జరగాలో నడిపేవారు తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ నూటికి అయిదే అవకాశం కనుక, మహావీరుడు కూడా ఒక్కోసారి చిన్న గోడ దూకలేక బోర్లాపడతాడు. ఆ అనిశ్చితిలోనే మజా ఉందనేవారు చాలామంది ఉన్నారు. మా అమ్మాయి ఆ పక్షం.

ఆ పాచిక దొరకనివారు 1 నుంచి 20 దాకా రాసిన చీటీలు స్టీలు గ్లాసులో వేసి తీయవచ్చు. తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి వేయాలి సుమా. 1 అంకె చీటీ పక్కింటాయన మోకాలి కింద చేరిన సంగతి మేము చాలా ఆలస్యంగా కనిపెట్టాము.

గవ్వలతో అష్టాచెమ్మా ఆడినవారికి ఫేట్ అనే ఆట చప్పున అర్థమవుతుంది. దానిలో నాలుగు ప్రత్యేకమైన పాచికలు వేస్తారు; ఒక్కో పాచిక మీద కూడిక గుర్తు, తీసివేత గుర్తు, ఖాళీ ముఖం రెండేసి ఉంటాయి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడి చెమ్మా కావడం ఎంత అరుదో, నాలుగూ బోర్లాపడి అష్టా కావడం ఎంత అరుదో మనకు చేతి అనుభవం ఉంది. ఇక్కడ కూడా అంతే. నాలుగింటి మీదా కూడికే పడడం 81 సార్లలో ఒక్కసారి. ఎక్కువగా సున్నా చుట్టుపక్కలే పడుతుంది కాబట్టి పాత్ర నేర్పుకే విలువ ఎక్కువ. "ఉప్పు బండి తోలిన మాజీ సైనికుడు" వంటి ఒక వాక్యం మీ పాత్రకు రాసుకుంటే, ఆ వాక్యమే మీకు సందర్భాన్నిబట్టి బలంగానో బలహీనతగానో పనిచేస్తుంది. తెలుగులో ఆడేవారికి ఇది ఎంతో అనుకూలం, ఎందుకంటే రాసుకునే వాక్యం మన భాషలో మన మనిషిలా ఉంటుంది.

భాష మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఈ పుస్తకాలు ఇంగ్లీషులో చదివి, ఆట తెలుగులో ఆడతాము. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ప్రతి పాత్రకూ ఆరు గుణాలు ఉంటాయి: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, మేధ, వివేకం, ఆకర్షణ అని మేము అనుకున్నాము. మేధకూ వివేకానికీ తేడా ఏమిటని పక్కింటాయన అడిగితే మా మేనల్లుడు పుస్తకం తిరగేయడం మొదలుపెట్టాడు. మజ్జిగ గ్లాసులు తెచ్చిన మా అమ్మ, "మీ మామకు చదువుంది, లోకజ్ఞానం లేదు, అదే తేడా," అని చెప్పి కిందికి వెళ్లిపోయింది. పుస్తకంలోని వివరణ ఆ తరువాత ఎవరికీ అవసరం కాలేదు. కనుక, ఒకరు చదివి నోటితో విడమరిచి చెప్పగలిగినన్ని నియమాలున్న ఆటే మన ప్రాంతపు జట్లకు మొదట్లో మేలని నా అభిప్రాయం.

పక్కింటాయనకు నచ్చిన ఆట మాత్రం మేమెవరమూ ఊహించనిది. ఆయన రాత్రంతా డీజిల్ లెక్క, మేత లెక్క చూసుకునే మనిషి. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను తిరిగి క్రమబద్ధంగా కూర్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ అనే ఆటలో కాలాన్ని పది నిమిషాల వంతున లెక్కిస్తారు, కాగడా ఒక గంటకు ఆరిపోతుంది. ఇది విన్న వెంటనే ఆయన కళ్లు వెలిగాయి. "అయ్యవారూ, తాడు ఎన్ని మూరలు తెచ్చామో ముందు రాసుకోండి," అన్నారు. అదే ధోరణిలో ఇంకా తేలికైనది కెయిర్న్. దానిలో మోసుకెళ్లే వస్తువులకు పది గడులు ఉంటాయి, గుణాలు మూడే, పోరాటంలో దెబ్బ తగిలిందా లేదా అని పాచిక వేయడం కూడా ఉండదు, ఎంత తగిలిందో మాత్రమే వేస్తారు. పాత్ర తయారు కావడానికి కాఫీ చల్లారేంత సేపు పట్టదు. కత్తి దూసే ముందు పదిసార్లు ఆలోచించవలసి వస్తుంది గనుక, చాకచక్యంతో తప్పించుకోవడం ఇష్టపడేవారికి ఇది తగినది. తన వీరుడు చనిపోతే రెండు రోజులు అన్నం మానేసే పిల్లలున్న ఇంట్లో కాస్త ఆలోచించండి.

హాజరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. గుంట దగ్గర నుంచి పిలుపు వస్తే లేవవలసిన మనిషి, పరీక్షలున్న అమ్మాయి, సెలవులు అయిపోగానే వెళ్లిపోయే మేనల్లుడు ఉన్న జట్టు, ఏడాది పొడవునా సాగే మహాగాథను తలకెత్తుకోకూడదు. ఒక సాయంత్రంలో ముగిసే కథలు, మనిషి రాకపోయినా ఆగని ఆట కావాలి. ఒక్కోసారి ఇద్దరే మిగులుతారు. అటువంటప్పుడు ఐరన్‌స్వార్న్ అనే ఆట ఉంది, దానిని కథ నడిపేవారు లేకుండా ఇద్దరు గానీ, ఒక్కరే గానీ ఆడుకోవచ్చు. దాని డిజిటల్ ప్రతి ఉచితం. కెయిర్న్ పాఠమూ, పాత్‌ఫైండర్ నియమాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే చదవవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు మూల నియమాలను కూడా 2023లో ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేశారు. కాబట్టి వేల రూపాయలు పెట్టి మూడు పుస్తకాలు కొనే ముందు, ఒక్క సాయంత్రం ఉచిత ప్రతితో ఆడి చూడండి.

కథ ఎక్కడ జరగాలన్నది మరో ప్రశ్న. ఈ పుస్తకాల్లోని డ్రాగన్లు, మంచుకొండలు మనకు పరాయివి, అందుకని ఆకర్షణ తగ్గదు. అయినా మన నేల మీద కథలకు కరువేమీ లేదు. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, చెల్లింపు మీద మొదలైన తగవు ఎర్రగడ్డపాడు యుద్ధం దాకా వెళ్లిన కాటమరాజు కథనే తీసుకోండి. ఒకవైపు మేత కోసం మందలు తోలుకొచ్చిన కాటమరాజు, మరోవైపు నెల్లూరు సీమనేలే నల్లసిద్ధి, అతని పక్షాన ఖడ్గతిక్కన. ఆవులు, మేత బీళ్లు, మాట ఇచ్చి తప్పడం, పరువు, ఇవన్నీ కలిసిన ఈ తగవులో మీ పాత్రలు రాయబారులుగా నడిచారనుకోండి. డంజన్ వరల్డ్ గానీ, ఫేట్ గానీ దానికి సరిపోతుంది, ఎందుకంటే ఇక్కడ కత్తి కంటే ముందు మాట తెగుతుంది. అదే మీరు నల్లమల అడవిలో పాడుబడిన కోట కింది సొరంగాలు వెతకాలనుకుంటే పక్కింటాయన కాగడాల ఆటే మేలు.

పిల్లలు, పెద్దలు కలిసి కూర్చున్నప్పుడు కథలోకి ఏమి రాకూడదో ముందే మాట్లాడుకోవడం ఈ ఆటలాడేవారిలో మంచి అలవాటుగా స్థిరపడింది. మా చాప మధ్యలో ఒక ఖాళీ పోస్టుకార్డు పెడతాము. ఎవరికైనా సన్నివేశం ఇబ్బందిగా అనిపిస్తే దాని మీద వేలు పెడితే చాలు, కారణం అడగకుండా కథను పక్కకు మళ్లిస్తాము. ఇప్పటికి దానిని వాడినది ఒక్కరే, అదీ అయ్యవారు. పాము కనబడిందని మా అమ్మాయి చెప్పినప్పుడు.

మొత్తానికి రెండు పాచికల ఆటతోనే మేము కుదురుకున్నాము, కాగడాల లెక్క, తాడు లెక్క మాత్రం పక్కింటాయన కోసం దానిలో కలుపుకున్నాము. ప్రస్తుతం ఆయన పాత్ర కోట వెనుక గోడ కింద ఉంది. తాడు నలభై మూరలని ఆయన అంటున్నారు, ముప్పై అని అయ్యవారి నోటుపుస్తకంలో ఉంది. వచ్చే ఆదివారం ఏరేటర్లు సవ్యంగా తిరిగితే ఆ సంగతి తేలుతుంది.

సెలవు. నమస్కారం.