3 లక్షల బకాయికీ వాణిజ్య కోర్టే

శ్రోతలకు నమస్కారం.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన వేరే రాష్ట్రం వ్యాపారికి 8 లక్షల సరుకు అరువు మీద పంపాడనుకుందాం. సరుకు చేరింది, డబ్బు రాలేదు. ఒకసారి ఫోన్ చేస్తే వచ్చే వారం అంటాడు, ఇంకోసారి చేస్తే పప్పులో ముక్క ఎక్కువ వచ్చిందంటాడు. చట్టం దృష్టిలో ఇది వాణిజ్య వివాదం.

2015లో వాణిజ్య కోర్టుల చట్టం వచ్చినప్పుడు కోటి రూపాయలకు తగ్గని వివాదాలకే వర్తించేది. 2018లో ఆ హద్దును 3 లక్షలకు దించారు. పెద్ద కంపెనీల కోసం రాసిన కఠినమైన పద్ధతి అలా రాజాం, బొబ్బిలి, నరసన్నపేట వ్యాపారుల దాకా వచ్చింది. మన రాష్ట్రంలో విశాఖపట్నం, విజయవాడల్లో ఇందుకు ప్రత్యేక కోర్టులున్నాయి.

ఇక్కడ గడువంటే గడువే. సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపి, కోర్టు విధించిన ఖర్చులు కడితే 120 రోజుల దాకా వీలుంటుంది. 121వ రోజున తెస్తే జడ్జిగారికి జాలి కలిగినా తీసుకునే అధికారం లేదు. వాయిదాలకు అలవాటుపడ్డ మనవాళ్లు ముందు దీనికే బోల్తా పడతారు.

దావా వేసేవాడికీ తిప్పలున్నాయి. తన దగ్గరున్న కాగితాలన్నీ దావాతోపాటే పెట్టాలి: ఆర్డరు, ఇన్‌వాయిస్, లారీ రసీదు, ఈ-వే బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్. మన దగ్గర సగం బేరాలు వాట్సాప్‌లోనే తేలిపోతాయి కదా, ఆ మెసేజీలూ సాక్ష్యమే. కాకపోతే వాటికి చట్టం చెప్పిన సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి పాత ఫోన్ అమ్మేసే ముందు ఒకసారి ఆలోచించండి.

అత్యవసరంగా కోర్టు ఉత్తర్వు కావాలంటే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వాలి. గడువు 3 నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 2 నెలలు. ఈ కాలాన్ని దావా వేయడానికున్న 3 ఏళ్ల గడువులో లెక్కించరు. అవతలివాడు రాకపోతే రాలేదని రిపోర్టు ఇస్తారు, దాంతో కోర్టుకెళ్లవచ్చు. రాజీ కుదిరితే దానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో, అంటే ఇరుపక్షాలూ ఎంచుకున్న తీర్పరి ఇచ్చే తీర్పుతో సమానమైన బలం ఉంటుంది. చాలామంది దీన్ని కాలయాపన అంటారు. నాకైతే ఈ చట్టంలో చిన్న వ్యాపారికి దక్కిన అసలు మేలు ఇదే అనిపిస్తుంది. వచ్చే సీజన్లో మళ్లీ ఆ వ్యాపారికే సరుకు అమ్మాల్సి రావచ్చు.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు మరో దారి కూడా ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, కొన్నవాడు డబ్బు చెల్లించడానికి 45 రోజులు దాటనివ్వకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు 3 రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికి ఇలాంటి బకాయిల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఉద్యమ్ నమోదు, అంటే సూక్ష్మ, చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే రిజిస్ట్రేషన్ మాత్రం బకాయి పడ్డాక కాదు, సరుకు లారీ ఎక్కకముందే చేయించుకుని ఉంచండి.