వినేవాళ్ల ముఖాలు

అందరికీ నమస్కారం. నటన గురించి ప్రసంగానికి పిలిచినప్పుడు నిర్వాహకులు కాస్త మొహమాటపడుతూనే అడిగారు, "మీరు విమర్శకులు కారు కదా, ఏ హోదాలో మాట్లాడతారు?" అని. చూసేవాడి హోదాలో అన్నాను. ముప్పై ఏళ్లు కోర్టులో బెంచి గుమస్తాగా పనిచేశాను. వాదించే వకీలును అందరూ చూస్తారు. ఆయన గొంతు పైకి లేచే సమయానికి బోనులో ఉన్న మనిషి కాలి బొటనవేలితో నేల రాస్తుంటాడు. అది చూసే తీరిక గుమస్తాకే ఉంటుంది. రిటైరయ్యాక మా అబ్బాయి టీవీకి నెట్ పెట్టించి వెళ్లాడు. అమెరికా సీరియళ్లు పట్టుకున్నాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? మాట్లాడే నటుణ్ణి వదిలేసి వినే నటుణ్ణి చూడడం మొదలైంది.

మనకు నటన చెవికి సంబంధించిన విద్య. పద్యనాటకాల నుంచీ అంతే. కృష్ణుడు రాగం తీస్తుంటే, జనం వన్స్‌మోర్ కొడుతుంటే, పక్కన అర్జునుడేం చేస్తున్నాడో ఎవరికి పట్టింది? కిరీటం సర్దుకుంటూ నిలబడేవాడు. సినిమా వచ్చాక కూడా "డైలాగు భలే చెప్పాడు" అన్నదే మనం ఇచ్చే పెద్ద కితాబు. ఇప్పటి మన సీరియళ్లు వినేవాళ్లను చూపించవని అనలేను. తెగ చూపిస్తాయి. అత్తగారు ఒక మాట అనగానే కెమెరా ఇంటిల్లిపాది ముఖాల మీదా మూడేసి సార్లు ఉరుముతో సహా వాలుతుంది. అక్కడ నటించేది ఉరుమే. పాపం, ముఖానికి పని మిగలదు.

ద సొప్రానోస్ అనే అమెరికా సీరియల్ 1999లో మొదలై 2007లో ముగిసింది. టోనీ న్యూజెర్సీలో మాఫియా నాయకుడు. గుండెదడ లాంటిది వచ్చి పడిపోతుంటే మానసిక వైద్యురాలు డాక్టర్ మెల్ఫీ దగ్గరికి వెళతాడు. టోనీగా చేసిన జేమ్స్ గాండాల్ఫినీ ఊపిరి చప్పుడుతోనే భయపెట్టగల నటుడు, కాదనను. నా కళ్లు మాత్రం ఎదుటి కుర్చీ మీదే. అందులో కూర్చున్నది లొరైన్ బ్రాకో. మొదట టోనీ భార్య పాత్ర చేయమంటే, తానే అడిగి ఈ వైద్యురాలి పాత్ర తీసుకున్నారట. వినడమే ఉద్యోగమైన పాత్ర!

2001లో వచ్చిన మూడో సీజన్‌లో మెల్ఫీపై అత్యాచారం జరుగుతుంది. చేసినవాడు దొరుకుతాడు, పోలీసుల పొరపాటు వల్ల బయటికీ వచ్చేస్తాడు. ఇక్కడ వారం వారం వచ్చి కూర్చునే మనిషికి ఒక్క ముక్క చెబితే చాలు, ఆ దుర్మార్గుడు తెల్లారేసరికి ఉండడు. ఒకరోజు టోనీ ఎదుటే ఆమెకు ఏడుపు ఆగదు. అతడు కంగారుపడతాడు. ఏమైనా చెప్పాలా అని అడుగుతాడు. ముప్పై ఏళ్లు చట్టం పెట్టిన అన్నం తిన్నవాణ్ణి, ఆ క్షణాన "చెప్పెయ్యమ్మా" అని పైకే అన్నాను. ఆమె అతణ్ణి చూస్తుంది. "లేదు" అంటుంది. ఎపిసోడ్ అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె అన్న మాట వల్ల కాదు, నేను అన్న మాట వల్ల.

ఇక బెటర్ కాల్ సాల్ అనే సీరియల్. ఇందులో రియా సీహార్న్ వేసిన కిమ్ అనే లాయరు పాత్ర గురించి చెప్పడానికి ఈ పూట చాలదు. ప్రేమించినవాడితో కలిసి సాటి లాయరు పరువు తీయడానికి పన్నాగం పన్నుతుంది. అది ముదిరి, చివరికి ఆ మనిషి వీళ్ల ఇంట్లోనే మరొకడి చేతిలో హతమవుతాడు. ఆమె వకాల్తా వదిలేసి ఫ్లోరిడాలో తోటలకు నీళ్లు చిమ్మే పరికరాల కంపెనీలో గుమాస్తా పనికి కుదురుకుంటుంది. ఏళ్ల తర్వాత వచ్చి, జరిగిందంతా రాసిన అఫిడవిట్‌ను చనిపోయినవాడి భార్య చేతికిస్తుంది. ఆ భార్య చదువుతుంటే కిమ్ ఎదురుగా కూర్చుని ఉంటుంది. అఫిడవిట్లు వేలకు వేలు చూశాను గానీ, రాసినవాళ్లు అలా ఎదుట కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత విమానాశ్రయం బస్సులో, నలుగురి మధ్య, బిగపట్టినదంతా ఒక్కసారిగా తెగుతుంది. కెమెరా కదలదు, సంగీతం ఉండదు. పక్కనున్న ఎవరో ముక్కూ ముఖం తెలియని ఆవిడ మెల్లగా చేయి వేస్తుంది.

అమెరికాలో టీవీ కార్యక్రమాలకిచ్చే పెద్ద అవార్డు ఎమ్మీ. ఈ సీరియల్‌కు మొత్తం 53 ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి. అవార్డు ఒక్కటీ లేదు. సీహార్న్ పేరు నామినేషన్లలోకి ఎక్కడానికే చివరి సీజన్ దాకా, అంటే 2022 దాకా పట్టింది. అక్కడి పద్ధతిలో నటులు తమ ఏడాది పనిలోంచి ఒక్క ఎపిసోడ్‌ను న్యాయనిర్ణేతల ముందు పెట్టాలి. కేకలు వేసేవాడికి అది సుఖం. ఆరు సీజన్ల పాటు కాస్త కాస్త బిగుసుకునే ముఖాన్ని ఏ ఒక్క ముక్కలో చూపించగలం?

బ్రేకింగ్ బ్యాడ్ చూసినప్పుడు తప్పు చేసింది నేనే. క్యాన్సర్ వచ్చిన కెమిస్ట్రీ మాస్టారు మాదకద్రవ్యం వండడం మొదలుపెడతాడు. బ్రయన్ క్రాన్‌స్టన్‌కు ఆ పాత్ర నాలుగు ఎమ్మీలు తెచ్చిపెట్టింది, తీసుకోవలసినవే. ఆయన మాయలో పడి, భార్య స్కైలర్ తెర మీదికి రాగానే విసుక్కునేవాణ్ణి. చిక్కుడుకాయలు వలుస్తూ మా ఆవిడ అంది, "ఆవిడ చేసిన తప్పేమిటండీ? అడగకూడనిది అడిగిందా?" నా దగ్గర జవాబు లేదు. లోకమంతా నాలాగే విసుక్కుందని తర్వాత తెలిసింది. స్కైలర్‌గా చేసిన ఆనా గన్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసమే రాశారు. తన పాత్ర మీది ద్వేషానికి మూలం ఆడవాళ్ల గురించీ భార్యల గురించీ జనానికున్న అభిప్రాయాల్లో ఉందని చెప్పారు.

అదే ఏడాది చివరి ఎపిసోడ్లలో ఫోను సన్నివేశం వచ్చింది. భర్త పారిపోతూ ఇంటికి ఫోను చేస్తాడు. పోలీసులున్నారా అంటాడు, లేరంటుంది. ఉన్నారు. ఆ సంగతి అతడికీ తెలుసు. నోటికొచ్చినట్టు తిడతాడు. నేరమంతా తన ఒక్కడిదేనని, ఆమెకు ఏ పాపమూ తెలియదని పోలీసుల చెవిన పడాలి. తిడుతూ ఏడుస్తాడు. మొదట ఆమె ముఖంలో దిగ్భ్రమ తప్ప ఏమీ ఉండదు. నడుమ ఎక్కడో, అతడేం చేస్తున్నాడో ఆమెకు అర్థమవుతుంది. సరిగ్గా ఏ మాట దగ్గరో నాలుగు సార్లు చూసినా పట్టుకోలేకపోయాను. మొదటి మూడు సార్లూ కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ కూర్చున్నాను మరి!

ఆ సన్నివేశాన్ని ఇప్పుడు ఈ తెర మీద వేస్తారు. అక్షరాలు తీసేయించాను, శబ్దం కూడా. ఆ కిటికీ తెర కాస్త లాగండి బాబూ, వెలుతురు పడుతోంది.