ఏ ఒడ్డున అచ్చు వేయాలి?

[తెరపై: పాత ముద్రణాలయం గుమ్మం, మూసీ మూయని తలుపు]

1914. అమెరికాలో, మెక్సికో సరిహద్దున ఉన్న టెక్సస్‌లోని లరేడో పట్టణం. ఎల్ ప్రొగ్రేసో అనే స్పానిష్ పత్రికను మూయించడానికి టెక్సస్ రేంజర్లు, అంటే రాష్ట్ర సాయుధ పోలీసులు, వచ్చారు. సరిహద్దుకు సైన్యాన్ని పంపినందుకు అధ్యక్షుడు విల్సన్‌ను తప్పుబడుతూ సంపాదకీయం వేయడమే ఆ పత్రిక చేసిన నేరం. గుమ్మానికి అడ్డంగా ఒక స్త్రీ నిలబడింది. పేరు హోవిటా ఇదార్, ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆమె పక్కకు జరగలేదు. రేంజర్లు వెనుదిరిగారు. తరవాత ఆమె లేని సమయం చూసి వచ్చి యంత్రాలను ధ్వంసం చేశారు. నూట తొమ్మిదేళ్ళకు, 2023లో, అదే దేశం ఆమె బొమ్మతో పావు డాలరు నాణెం వేసింది.

అసలు టెక్సస్‌లో స్పానిష్ పత్రిక ఎందుకు? ఎందుకంటే ఆ ఊళ్ళు మొదట మెక్సికోవి. అమెరికాతో యుద్ధం ముగించిన 1848 ఒప్పందంతో నది సరిహద్దయింది. అమెరికన్లు దాన్ని రియో గ్రాండే అంటారు, మెక్సికన్లు రియో బ్రావో అంటారు. మెక్సికోలోనే ఉంటామన్న లరేడో కుటుంబాలు కొన్ని నది దాటి ఎదురుగానే న్వేవో లరేడో కట్టుకున్నాయి. మిగిలినవాళ్ళ దేశం మారింది కానీ ఇంట్లో మాట మారలేదు. విప్లవ కాలంలో మెక్సికో నుంచి పారిపోయి వచ్చినవాళ్ళూ తోడయ్యారు. ఇగ్నాసియో లొసానో 1913లో శాన్ ఆంటోనియోలో లా ప్రెన్సా పెట్టింది ఆ పాఠకుల కోసమే. 1926లో లాస్ ఏంజెలెస్‌లో ఆయనే లా ఒపినియోన్ మొదలుపెట్టారు, అదీ మెక్సికో స్వాతంత్ర్య దినమైన సెప్టెంబరు 16న.

[తెరపై: చీకటి, వంటింట్లో దీపం, రేడియో డయల్ వెలుతురు]

పత్రిక చదవాలంటే అక్షరం రావాలి, రేడియోకు ఆ అవసరం లేదు. కానీ స్టేషన్లు ప్రసార వేళలను అమ్మేవి. మంచి వేళలన్నీ ఇంగ్లిష్‌కు పోగా, చవకగా దొరికేది తెల్లవారుజామే. లాస్ ఏంజెలెస్‌లో పెద్రో గొన్సాలెస్ దాన్నే పట్టుకున్నారు. ఒకప్పుడు మెక్సికో విప్లవ నాయకుడు పాంచో వియా సేనలో తంతి పనిచేసిన మనిషి. నాలుగింటి నుంచి ఆరింటి దాకా, పొలాలకూ ఫ్యాక్టరీలకూ బయలుదేరేవాళ్ళకు పాటలు, కబుర్లు వినిపించేవారు. బృందం పేరు లోస్ మాద్రుగదోరెస్, అంటే వేకువనే లేచేవాళ్ళు. ఇంత నిజాయితీ గల పేరు ఏ రేడియో కార్యక్రమానికీ ఉండదేమో. మెక్సికన్లను మూకుమ్మడిగా వెళ్ళగొడుతున్న రోజుల్లో ఆయన దాన్ని గాలిలోనే ఎండగట్టారు. 1934లో ఆయనపై అత్యాచారం కేసు పెట్టారు. ఫిర్యాదు చేసిన అమ్మాయి తరవాత మాట మార్చుకున్నా ఆయన జైలులోనే ఉన్నారు. 1940లో విడుదల చేసి మెక్సికోకు పంపేశారు. ఆయన కాలిఫోర్నియాను ఆనుకుని ఉన్న తిహువానాలో దిగి, గీతకు అవతల నుంచి మళ్ళీ మైకు పట్టుకున్నారు.

1946లో రౌల్ కోర్తేస్ శాన్ ఆంటోనియోలో కేకార్ రేడియో తెచ్చారు. అద్దె వేళలు కాదు, రోజంతా స్పానిషే, యజమానీ ఆ భాషవాడే. 1955లో టీవీ కూడా పెట్టారు. ఛానల్ 41. అది యూహెచ్ఎఫ్ అనే పై తరంగాల్లో ప్రసారమయ్యేది కావడంతో అప్పటి టీవీ సెట్లు చాలావాటికి విడిగా కన్వర్టర్ కొనుక్కుంటే తప్ప అందేది కాదు. నష్టాలు భరించలేక 1961లో అమ్మేశారు. కొన్నవాళ్ళలో మెక్సికో టీవీ దిగ్గజం అస్కార్రగా ఉన్నారు. అమెరికాలోని స్పానిష్ టీవీ నెట్‌వర్క్, నేటి యూనివిజన్‌కు విత్తనం అదే. ప్రసార లైసెన్సున్న సంస్థలో విదేశీయుల వాటా 20 శాతం దాటరాదన్నది అమెరికా చట్టం. ఛానల్‌ను కొన్న సంస్థ పగ్గాలు నిజానికి మెక్సికో చేతిలో ఉన్నాయని 1986లో తీర్పు వచ్చింది, స్టేషన్లు అమ్ముకోక తప్పలేదు.

ఇక్కడొక తమాషా. అమెరికా నగరం శాన్ డియేగో పక్కనే, గీతకు అవతల తిహువానాలో 1953 నుంచి ఎక్స్‌ఈటీవీ అనే ఛానల్ నడిచింది. లైసెన్సు మెక్సికోది, మాట ఇంగ్లిష్, చూసేవాళ్ళు శాన్ డియేగో జనమే. గాలికి పాస్‌పోర్టు అక్కర్లేదు, లైసెన్సుకు మాత్రం కావాలి.

[తెరపై: తెల్లవారుజామున సరిహద్దు గేటు, పత్రికల కట్టలతో లారీ]

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయేది జేతా వారపత్రిక. తిహువానాలో హేసూస్ బ్లాంకోర్నేలాస్ నడిపిన ఏబీసీ పత్రికను 1979లో ప్రభుత్వం అండతో లాగేసుకున్నారు. ఆయన శాన్ డియేగో చేరారు. మెక్సికోలో పత్రికల కాగితం సరఫరా సర్కారు సంస్థ చేతిలో ఉండేది, కాగితం ఆపితే గొంతు ఆగినట్టే. కాబట్టి 1980లో ఎక్తోర్ ఫేలిక్స్‌తో కలిసి జేతా మొదలుపెట్టి, అమెరికాలో అచ్చు వేయించి, లారీలో తిహువానాకు తెచ్చి అమ్మారు. వార్త అక్కడిది, పాఠకుడు అక్కడివాడు, సిరా మాత్రం ఇవతలిది. కానీ మనుషులను సరిహద్దు కాపాడలేదు. 1988లో ఫేలిక్స్‌ను కాల్చి చంపారు. 1997లో బ్లాంకోర్నేలాస్‌పై కాల్పులు జరిగాయి. ఆయన బతికారు, అంగరక్షకుడు చనిపోయాడు.

ఎల్ పాసోకు ఎదురుగా ఉండే సియుదాద్ హువారెస్‌లో ఎల్ దియారియో పత్రిక ఉంది. 2005లో ఎల్ పాసోలోనూ ఒక సంచిక ప్రారంభించింది. 2008లో దాని విలేకరిని చంపారు. 2010 సెప్టెంబరులో 21 ఏళ్ళ ఫొటోగ్రాఫర్‌ను చంపారు. ఆ వారంలోనే మొదటి పేజీలో సంపాదకీయం వచ్చింది. దాన్ని ప్రభుత్వానికి రాయలేదు, మాదకద్రవ్యాల ముఠాలకు రాశారు. ఊరిని నిజంగా ఏలుతున్నది మీరే కదా అంటూ శీర్షికలోనే అడిగారు: "మా నుంచి మీకేం కావాలి?"